తీగకు రెండు కొసలు

ఎక్స్ఛేంజీకి దూరంగా ఉన్న ఇంట్లో ఇంటర్నెట్ నత్తనడక నడిస్తే తప్పు రాగితీగదా, దాన్ని అమ్మినవాళ్లదా? నెల్లూరు తీరంలో ఈ తగువు ఇరవై ఏళ్లనాటిది. ఇక్కడ వాదించుకునే ఇద్దరిలో ఒకరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి బయటికొచ్చిన పెద్దమనిషి. రెండోవారు బకింగ్‌హాం కాలువ అవతల రొయ్యల గుంటల పక్కన ఇల్లు కట్టుకున్న రైతు. వాళ్ల పేర్లతో మనకు పనిలేదు. తీగకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.

ఎక్స్ఛేంజీ కొస: ముందు లెక్క చూద్దాం, కోపం తర్వాత. రాగితీగ మీద ఇంటర్నెట్ సంకేతం కిలోమీటరుకు రమారమి 14 డెసిబెల్స్ తగ్గుతుంది. డెసిబెల్ అనగానే కంగారు పడొద్దు. ఎక్స్ఛేంజీలో బయల్దేరిన బలం కిలోమీటరు దాటేసరికి పాతిక వంతుల్లో ఒక వంతు మిగులుతుందని దాని అర్థం. రెండో కిలోమీటరులో ఆ మిగిలినదాంట్లో మళ్లీ పాతికో వంతు. ఇట్లా నాలుగు కిలోమీటర్లు పోయాక మీ గుమ్మం తొక్కేది దాదాపు నాలుగు లక్షల వంతుల్లో ఒకటి. ఇందులో ఏ ఇంజనీరు చేతిలోనూ, ఏ లైన్‌మేన్ చేతిలోనూ ఏమీ లేదు. అది రాగి గుణం.

ఇంటి కొస: అయితే ఫోను గలగలా ఎట్ట పలికేది సార్? అదే తీగ, అదే నాలుగు కిలోమీటర్లు. మద్రాసులో ఉన్న కూతురు మాట్లాడితే పక్క గదిలోంచి పిలిచినట్టు ఉండేది. మాటకు అడ్డం రాని దూరం మెయిలుకు మాత్రం అడ్డమొచ్చిందా?

ఎక్స్ఛేంజీ కొస: ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. మనిషి మాట మోయడానికి 300 నుంచి 3400 హెర్ట్జ్ చాలు. కింది పౌనఃపున్యాలను తీగ పెద్దగా మింగదు. బ్రాడ్‌బ్యాండ్ అట్లా కాదు. రాగితీగ మీద వచ్చే రకాల్లో ఏడీఎస్ఎల్ 11 లక్షల హెర్ట్జ్ దాకా, ఏడీఎస్ఎల్2ప్లస్ 22 లక్షల హెర్ట్జ్ దాకా ఎక్కుతాయి. ఆ వెడల్పునంతా 4.3 కిలోహెర్ట్జ్ చొప్పున సన్నటి పాయలుగా చీలుస్తారు. మొదటిదాంట్లో 256 పాయలు, రెండోదాంట్లో 512. స్విచ్ వేయగానే మోడెం దీపం ఒక నిమిషంపాటు మిణుకుమిణుకుమంటుంది చూడండి, అప్పుడు అది చేసే పని ఇదే. ఒక్కో పాయనూ తడిమి చూసి, దీంట్లో ఎంత పారుతుందని ఎక్స్ఛేంజీలోని పెట్టెతో బేరమాడుతుంది. దూరం పెరిగేకొద్దీ పైపాయలు ముందు ఎండిపోతాయి. అందుకే కాగితం మీద 24 ఎంబీపీఎస్ అని ఉన్నా, ఎక్స్ఛేంజీ వీధిలో ఇంటికి 20 పైన వస్తే మూడు కిలోమీటర్ల దగ్గర ఎనిమిదో పదో వస్తుంది. ఐదు కిలోమీటర్లకు రెండు వచ్చినా దండం పెట్టుకోవాలి.

ఇంటి కొస: పాయలు ఎండిపోవడం మాకు చెప్పబళ్లేదు సార్. సంగం ఆనకట్ట నీళ్లు కాలువెంట వచ్చి శివారు ఆయకట్టుకు చేరేటప్పటికి ఎంతుంటాయో మా తాతల కాలం నుంచీ చూస్తానే ఉండాం. కానీ ఒక్కటి. నీళ్లందక పైరు ఎండితే తీరువాలో రెమిషన్ అడిగే దారి ఉండేది. గ్రామకరణం వచ్చి పొలం చూసి రాసుకుని పోయేవాడు. మీ కాలువలో ఆ ఏర్పాటు యాడుంది? తలకాలువ మీద ఉన్నోడికీ, శివారోడికీ నెల బాడుగ పైసా తేడా లేకుండా ఒకటే.

ఎక్స్ఛేంజీ కొస: పోలిక బాగుంది గానీ సగమే అతుకుతుంది. కాలువలో మీకు నీళ్లు తగ్గాయంటే పైన ఎవరో తూము ఎత్తి పెట్టుకున్నట్టు. తీగలో ఎవరూ దొంగిలించరు. మీకు రానిది ఇంకొకరి ఇంటికి పోలేదు, దారిలో వేడిగా మారి ఆవిరైపోయింది. మీ ఇంటిదాకా తీగ వేయడానికి అయిన ఖర్చు చూస్తే, ఎక్స్ఛేంజీ పక్కింటాయన కంటే మీమీదే ఎక్కువ పెట్టాం. నాలుగు కిలోమీటర్ల జతకు రాగి, తవ్వకం, జాయింట్లు, మధ్యలో పిల్లరు పెట్టె, వీధిలో తీగలు పంచే డీపీ పెట్టె, అక్కణ్నుంచి ఇంటికి డ్రాప్ వైరు. ఖర్చు లెక్కన బాడుగ వేయాల్సి వస్తే మీరే ఎక్కువ కట్టాలి. ఒకే బాడుగ అంటే ఊరివాళ్లు మీ భారం కొంత మోస్తున్నట్టు.

ఈ మాటకు రైతు దగ్గర వెంటనే జవాబు లేదు. ఖర్చు వైపు నుంచి చూస్తే శివారు ఇల్లే లాభపడింది, సేవ వైపు నుంచి చూస్తే శివారు ఇల్లే నష్టపోయింది. రెండూ ఒకే బిల్లులో ఇమిడి ఉన్నాయి. ఆయన వేరే వైపు నుంచి వచ్చాడు.

ఇంటి కొస: ఎవరూ తూము ఎత్తరంటిరే! తెల్లారి ఐదింటికి గుంటల కాడికి పొయ్యే ముందు చూస్తే నెట్ బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఒక పేజీ తెరుచుకునే లోపల అన్నం తిని చెయ్యి కడుక్కోవచ్చు. మా ఇల్లు రాత్రిపూట ఎక్స్ఛేంజీకి ఇంకో రెండు కిలోమీటర్లు జరిగి పోతుందా సార్? దూరం పొద్దున ఒకటీ సందేళకు ఒకటీ ఉండదు గదా. మీరు దూరం పేరు చెప్పి ఇంకేదో దాస్తా ఉండారు.

ఎక్స్ఛేంజీ కొస: దాయడం లేదు. రాత్రిపూట రేడియో రొద, పక్క జతల రొద కాస్త పెరిగే మాట నిజం. కానీ మీరు చెప్పినంత తేడాకు కారణం అది కాదని ఒప్పుకుంటా. ఎక్స్ఛేంజీ నుంచి పైకి పోయే గొట్టం సన్నది. దాన్ని అందరూ పంచుకుంటారు. ఇళ్లకిచ్చే కనెక్షన్లలో ఒకరి వాటా మీద యాభై మంది దాకా ఉండొచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో హద్దు పెట్టింది. యాభై మందీ ఒకేసారి కూర్చోరన్న ధీమాతో నడిచే వ్యాపారం ఇది. రాత్రి ఎనిమిదింటికి అందరూ కూర్చుంటారు.

ఇంటి కొస: ఆ సంగతి ఫిర్యాదు చేసినప్పుడు ఎవరైనా చెప్పారా? "మీది దూరం సార్, ఇంతే వస్తుంది" అంటారు. ఫోన్ పెట్టేస్తారు. మాకు రెండు జబ్బులుంటే రెండిటికీ ఒకటే పేరు పెట్టిరి.

ఎక్స్ఛేంజీ కొస: అదీ జరిగే ఉంటుంది. కాదనను. అయితే రెండు జబ్బులనూ విడదీసే పరీక్ష మీ ఇంట్లోనే ఉంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే మోడెం పేజీ తెరుచుకుంటుంది. అందులో లైన్ అటెన్యుయేషన్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని 14తో భాగిస్తే మీ తీగ పొడవు కిలోమీటర్లలో ఇంచుమించు తెలిసిపోతుంది. 28 ఉంటే రెండు కిలోమీటర్లు, 56 ఉంటే నాలుగు. పక్కనే ఎస్ఎన్ఆర్ మార్జిన్ ఉంటుంది, అంటే రొద మీద సంకేతానికి మిగిలిన పట్టు. అది 6 కంటే తగ్గితే లైన్ మాటిమాటికీ తెగిపోతుంటుంది. మోడెం ఎంతకు కుదిరిందో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ అంకె నిలకడగా ఉండి, నెట్ మాత్రం రాత్రిపూట చచ్చిపోతుంటే దూరాన్ని తిట్టకండి, పైగొట్టాన్ని తిట్టండి.

ఇంటి కొస: ఇన్నాళ్లకు పనికొచ్చే మాట చెప్పారు. ఇది కనెక్షన్ ఇచ్చిన రోజే చెప్పి ఉంటే సగం తగువు ఉండేది కాదు. సరే, దూరమనే అనుకుందాం. ఆ దూరాన్ని పెట్టిందెవరు? మా పాళేన్ని సముద్రం పక్కన దేవుడు పెట్టాడు. ఎక్స్ఛేంజీని ఊళ్లో పెట్టింది మాత్రం మనుషులే. మైపాడు చూడండి, కోడూరు చూడండి, రామతీర్థం, ఇసకపల్లి, తుమ్మలపెంట, ఏదైనా తీసుకోండి. ఊరు ఒక చోట, పాళెం ఒక చోట. మధ్యలో బకింగ్‌హాం కాలువ. కొంగ ఎగిరిపోతే ఎంతో దూరం ఉండదు. మీ కేబులు కొంగ కాదే! అది రోడ్డెంట పొయ్యి, వంతెన యాడుందో ఆడ కాలువ దాటి, మళ్లీ కట్టెంట వెనక్కి రావాల. కంటికి రెండు కిలోమీటర్లు కనపడే ఇల్లు తీగ లెక్కలో నాలుగవుతుంది.

ఎక్స్ఛేంజీ కొస: ఈ పాయింటు మీదే. నెల్లూరు తీరానికి ఇది ప్రత్యేకమైన చిక్కు. కాలువ సముద్రానికి సమాంతరంగా పోతుంది గనక దాన్ని తప్పించుకునే దారి లేదు. పైగా రొయ్యల గుంటలు వచ్చాక నేల రూపమే మారింది. కేబులు వేసిననాడు డొంక ఉన్న చోట ఈనాడు కట్ట ఉంటుంది. జేసీబీ గుంట తవ్వుతూ కింద ఏముందో చూసుకోదు. ఒక దెబ్బకు వంద జతల కేబులు తెగితే ఒక్కో జతనూ రంగు చూసి వెతికి కలపాలి.

కానీ ఎక్స్ఛేంజీని పాళేనికి దగ్గరగా జరపొచ్చు గదా అంటారేమో, దానికి జవాబు వినండి. పరికరాన్ని దగ్గరికి తెస్తే స్పీడు పెరుగుతుందన్నది నిజమే. బ్రిటన్‌లో వీధి చివరి పెట్టెదాకా ఫైబర్ తెచ్చి, అక్కణ్నుంచి ఇంటికి రాగి మీదే వీడీఎస్ఎల్ అనే వేగమైన రకం ఇచ్చారు. ఐదారు వందల మీటర్ల లోపల ఉంటే అది అద్భుతం. ఇక్కడ ఆ పెట్టె పెట్టాలంటే కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కావాలి. బ్యాటరీ దొంగల పాలు కాకుండా మనిషి కావాలి. ఉప్పుగాలికి సర్క్యూట్ బోర్డు తుప్పు పట్టకుండా గది కావాలి. ఇంతా చేస్తే ఆ పాళెంలో నెట్ అడిగే ఇళ్లు పదో ఇరవయ్యో.

ఇంటి కొస: స్పీడు రాదు గనకే అడిగేవాళ్లు పదిమంది. పదిమందే గనక స్పీడు ఇయ్యరు. ఈ గానుగెద్దు తిరుగుడు ఎప్పటికి ఆగేది?

ఎక్స్ఛేంజీ కొస: ఆపడానికే ప్రభుత్వం డబ్బు పెట్టింది. 2009 జనవరిలో సార్వత్రిక సేవా నిధికీ బీఎస్ఎన్ఎల్‌కూ ఒప్పందం జరిగింది. దేశంలో పల్లెటూరి ఎక్స్ఛేంజీల నుంచి ఎనిమిది లక్షలకు పైగా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు, కనీసం 512 కేబీపీఎస్ ఇవ్వాలని. ఆ 512 అంకె ఊరికే వచ్చింది కాదు. పల్లెటూరి తీగల పొడవు చూస్తే ధైర్యంగా మాట ఇవ్వగలిగిన అంకె అది. మేం చేతకాని మాట ఇవ్వలేదు.

ఇంటి కొస: ఆ పథకంలో ఇయ్యలేదు, నిజమే. దాంట్లో "కనీసం" అని రాశారు. అంగట్లో అమ్మేటప్పుడు రాసేది "దాకా". రెండక్షరాల మాట సార్ అది. 2007 జనవరిలో దేశమంతా పండగ చేశారు, 2 ఎంబీపీఎస్ దాకా పెంచామని. ఆ ఏడాదికి బ్రాడ్‌బ్యాండ్ సంవత్సరం అని పేరు కూడా పెట్టిరి. ఎక్స్ఛేంజీ వీధిలోవాడికి "దాకా" అంటే రెండు. శివారోడికి అర. ఇద్దరూ చదివింది ఒకటే కరపత్రం.

ఇంకోటి చెప్తా. మీ లెక్కలన్నీ తలకిందులు చేసేది ఇదే. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్ వచ్చినప్పుడు స్పీడెంత? 256 కేబీపీఎస్. ఈనాటి పిల్లకాయలు వింటే నవ్వుతారు. అయినా తీసుకున్నోళ్లు మీసం మెలేశారు. అర్ధరాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్క లేకుండా వాడుకోవచ్చని 500 రూపాయల ప్లానులో ఉండేది. రెండింటికి అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడ్ నొక్కి మళ్లీ పడుకునేవాళ్లు. సీడీలో పట్టే 700 ఎంబీ సినిమా ఆ స్పీడుకు దిగడానికి ఆరు గంటలు. సరిగ్గా రెండు నుంచి ఎనిమిది! తెల్లారి కాఫీ తాగేటప్పటికి సినిమా తయారు. వాళ్లకు అసంతృప్తి లేదే? ఆరేడేళ్లు పొయినాక ఒకటిన్నర ఎంబీపీఎస్ వచ్చేవాడు ఆఫీసు మెట్లెక్కి అరిచాడు. అంటే మనిషికి మంట పుట్టించేది స్పీడు కాదు. చెప్పినదానికీ వచ్చినదానికీ మధ్య ఉండే ఎడం.

ఎక్స్ఛేంజీ కొస: అంత తేలిగ్గా తేల్చకండి. 2005లో పేజీలు చిన్నవి, బొమ్మలు చిన్నవి. వీడియో అంటే తపాలా బిళ్లంత. 256 చాలింది గనక సంతోషించారు. తర్వాత ప్రపంచమే బరువెక్కింది. బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకే 2004 విధానంలో 256 కేబీపీఎస్ అని నిర్వచనం ఉంటే 2013లో దాన్ని 512 చేశారు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. ఐదు కిలోమీటర్ల తీగ మాత్రం పెరగదు గదా. నిన్న బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకున్న ఇల్లు, తీగ మీద ఈగ వాలకుండానే, ఇవాళ ఆ పేరు పోగొట్టుకుంది. మేం ముందే నిజం చెప్పి ఉన్నా ఆ అసంతృప్తి వచ్చే తీరుతుంది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతుంటే "మాకు ముందే చెప్పారు లెండి" అని ఏ తండ్రీ తృప్తి పడి ఉండడు.

ఇంటి కొస: తృప్తి పడడు. వేరే దారి చూసుకుంటాడు. చెప్పడం వల్ల లాభం అదే.

ఇది చిన్న జవాబు, కానీ తగువులో గట్టిది. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే టెలికాం నియంత్రణ సంస్థ 2008 డిసెంబరులో తెచ్చిన స్వచ్ఛంద నియమావళి సరిగ్గా ఇక్కడే చెయ్యి వేసింది. కనెక్షన్ అమ్మే ముందే ఆ ఇంటి లైనుకు ఎంత వస్తుందో అంచనా చెప్పాలంది. ఊరికి కాదు, కంపెనీకి కాదు, ఆ ఇంటికి. పదేళ్ల తర్వాత, 2018లో, అక్కడి ప్రకటనల్లో "దాకా" అంకెకు కూడా కళ్లెం పడింది. రద్దీ వేళలో కనీసం సగం మందికి అందే స్పీడునే చెప్పాలన్నారు.

ఎక్స్ఛేంజీ కొస: మన దగ్గర నియమాలు లేవనుకోకండి. 2006లో ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత మీద నిబంధనలు తెచ్చింది. ఇస్తామన్న స్పీడులో 80 శాతానికి పైగా రావాలంది. చెడిపోయిన లైన్లలో 90 శాతానికి పైగా మర్నాటి పనిదినానికల్లా బాగుపడాలంది. మొత్తం మీద ఖాతాదారుల్లో 85 శాతానికి పైగా తృప్తిగా ఉండాలంది. ఇవన్నీ కొలిచారు, అచ్చేశారు.

ఇంటి కొస: 85 శాతం! నూటికి ఎనభై ఐదుమంది బాగుందంటే ఆఫీసు పాసు. మిగతా పదిహేనుమంది ఎవరు సార్? ఎక్స్ఛేంజీ వీధిలోవాళ్లా? తీగ చివర ఉండేవాళ్లే. మొత్తం పాళేలన్నీ కలిపినా ఆ పదిహేనులో ఇమిడిపోతాయి. మేం ఎంత మొత్తుకున్నా మీ ప్రోగ్రెస్ కార్డులో ఫస్టు క్లాసే. ఇక ఆ 80 శాతం దేంట్లో? "రెండు దాకా" అన్నదాంట్లో 80 శాతమంటే ఎంత? "దాకా"లో శాతం కట్టగలిగిన లెక్కల మాస్టారు మా జిల్లాలో లేడు.

ఎక్స్ఛేంజీ కొస: (నవ్వి) సగటు లెక్కల్లో శివారు ఇల్లు మాయమవుతుందన్నది ఒప్పుకుంటా. తీగ పొడవు మాకు తెలియనిదేం కాదు. టెస్టు డెస్కు మీద ఆ జతకు లూప్ రెసిస్టెన్స్ కొలిస్తే చాలు, అర మిల్లీమీటరు తీగకు కిలోమీటరుకు సుమారు 170 ఓములు. నిమిషం పని. ఆ అంకె మా రికార్డులోనే ఆగిపోయింది, మీ బిల్లు మీదికి రాలేదు. వచ్చుంటే బాగుండేది.

అయితే మీరు నాకో జవాబు చెప్పాలి. మేం కొలిచి, నాలుగున్నర కిలోమీటర్లు అని తేల్చి, "సాధ్యం కాదు" అని దరఖాస్తు వెనక్కిచ్చి ఉంటే? నిజాయితీగా ఉన్నందుకు మెచ్చుకునేవారా? "ఊళ్లో వాళ్లకిచ్చి పాళేనికి ఇవ్వరా" అని ఎమ్మెల్యే దగ్గరికి పోయేవారు. ఇస్తే స్పీడు లేదంటారు. ఇవ్వకపోతే వివక్ష అంటారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఏం చేయాలి?

ఇంటి కొస: ... పొయ్యుండేవాళ్లమే. అబద్ధం ఎందుకు చెప్పాల. అర ఎంబీపీఎస్ అయినా లేనిదానికంటే మేలే. రొయ్యల కౌంటుకు చెన్నైలో ఏం రేటు పలుకుతుందో చూసుకోడానికి, హ్యాచరీకి మెయిలు పెట్టడానికి అదే గతి. వెనక్కిచ్చుంటే మాకు అదీ లేదు. కానీ ఇచ్చేటప్పుడు సగం బాడుగకు ఇయ్యాల్సింది.

ఎక్స్ఛేంజీ కొస: సగం బాడుగ అంటే రెండు రకాల పౌరుల్ని తయారు చేసినట్టు కాదా? రేపు "శివారు ప్లాను" అని పేరు పెడితే, ఇక ఆ పాళేనికి మంచి లైను వేయాలన్న ఒత్తిడే మా మీద ఉండదు. చవకగా ఇస్తున్నాంగా అని చేతులు దులుపుకుంటారు. ఒకే బాడుగ ఉండబట్టే మీ గొంతుకు బలం ఉంది.

ఇంటి కొస: ఇది నేను ఆలోచించని కోణం.

ఇక్కడ ఇద్దరూ కాసేపు ఆగారు. మళ్లీ మొదలైంది ఉప్పుతో.

ఇంటి కొస: తీగ పొడవు, పొడవు అంటారు గానీ, నా వరకూ పొడవు కంటే ఉప్పు పెద్ద శత్రువు. ఒకసారి డీపీ పెట్టె తెరిచినప్పుడు చూశా. స్క్రూ కింద తీగ మొన పచ్చగా కిలుం పట్టి ఉంది. వేలితో తోమితే పొడి రాలింది. ఆ లైన్‌మేన్ బ్లేడుతో గీకి, కొత్త మొన తేల్చి బిగించాడు. సాయంత్రానికి స్పీడు రెట్టింపు! దూరం తగ్గిందా? కిలుం పోయింది. అట్ట గీకేవాడు నెలకోసారి వచ్చుంటే మాకు మీ భౌతికశాస్త్రంతో పని లేదు.

ఎక్స్ఛేంజీ కొస: కిలుం కథ నూటికి నూరుపాళ్లు నిజం. తీరంలో పని చేసిన ప్రతివాడి జేబులోనూ బ్లేడు ఉండేది. కానీ దూరాన్ని ఇందులోంచి కూడా తప్పించలేరు. తీగ పొడుగైతే జాయింట్లు ఎక్కువ, జాయింట్లు ఎక్కువైతే కిలుం పట్టే చోట్లు ఎక్కువ. కార్తీక మాసం వానలకు జాయింటులోకి నీళ్లు దిగితే, కిలోమీటరు లైనులో ఒక చోట వెతకాల్సింది, నాలుగు కిలోమీటర్లలో పది చోట్ల వెతకాలి. ఇక వెతికేదెవరు? 2020 జనవరి 31న ఒక్క రోజే బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకుని వెళ్లిపోయారు. ఏ పిల్లరులో ఏ జత ఎక్కడికి పోతుందో మ్యాపులో కంటే వాళ్ల బుర్రల్లోనే ఎక్కువ ఉండేది.

ఇంటి కొస: అందుకే జనం ఫైబర్‌కు మారిపొయ్యారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ఏపీ ఫైబర్‌నెట్ మొదలుపెట్టాడు, 149 రూపాయలకే నెట్టూ టీవీ చానళ్లూ అన్నారు. కరెంటు స్తంభాల మీదగా తీగ లాక్కొచ్చారు. ఇప్పుడు చూడండి, దూరం అనే మాటే ఎవరూ ఎత్తరు. ఎక్స్ఛేంజీ పక్కోడికెంతో నాకూ అంతే. దూరం శాశ్వతం అన్నారే మీరు, అదీ పోయింది!

ఎక్స్ఛేంజీ కొస: పోయింది. గాజుతీగలో కిలోమీటరుకు తగ్గేది డెసిబెల్‌లో మూడో వంతు. వెలుగు బలం సగమవ్వాలంటే ఎనిమిది పది కిలోమీటర్లు పోవాలి. ఇరవై కిలోమీటర్ల దాకా బేఫికరు. 2002లోనే చెన్నై నుంచి సింగపూరుకు 3,200 కిలోమీటర్ల ఐ2ఐ కేబులు సముద్రం అడుగున వేశారు. మధ్యలో బలం పెంచే పెట్టెలు ఉంటాయనుకోండి. సింగపూరు నుంచి చెన్నై దాకా, చెన్నై నుంచి నెల్లూరు దాకా పరుగెత్తుకొచ్చిన సంకేతం బకింగ్‌హాం కాలువ వంతెన దగ్గర కుంటడం మొదలుపెట్టేది. అది తలుచుకుంటే నాకూ బాధే.

మరి ఇప్పుడు నేను అడుగుతా. దూరం పోయింది గదా, తృప్తి వచ్చిందా?

ఇంటి కొస: స్పీడులో వచ్చింది. తెగినప్పుడు మాత్రం...

ఎక్స్ఛేంజీ కొస: అదీ! రాగి తెగితే చేత్తో మెలిపెట్టి కలిపేవాడు మా లైన్‌మేన్. గాజుతీగ తెగితే స్ప్లైసింగ్ మెషీను రావాలి, అది పట్టేవాడు రావాలి. రాగి ఫోనుకు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచే 48 వోల్టులు వచ్చేవి. మీ ఇంట్లో కరెంటు పోయినా రిసీవరు ఎత్తితే కుయ్‌మనేది. ఫైబర్ పెట్టెకు మీ ఇంటి కరెంటే కావాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలుపట్టా రెండూ తెగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరమంతా ఊపేసింది. అట్లాంటి రోజున స్తంభం పడిందంటే కరెంటు తీగా, దానిమీద వేలాడే ఫైబరూ కలిసి పడతాయి. స్పీడు సంతృప్తి ఒకటి, ఆపదలో మాట అందే సంతృప్తి ఇంకొకటి. మీరు మొదటిదాన్నే లెక్కేస్తున్నారు.

ఇంటి కొస: తుపాను నాలుగు రోజులు సార్. మిగతా మూడు వందల అరవై రోజులూ నా పిల్లకాయలు చదువుకోవాల. అయినా మీ రాగి తుపానులో నిలబడిందని చెప్పొద్దు. వానాకాలమంతా గరగరమనే ఫోను మా ఇంట్లోనే ఉండింది.

ఎక్స్ఛేంజీ కొస: గరగరమన్నా పలికింది.

ఇంటి కొస: పలికింది. కాదనను. మీ "దూరం" అనే మాట మాత్రం ఇప్పుడు ఇంకో వేషం కట్టింది. తెగిందని ఫోన్ చేస్తే కేబులాయన "మీ ఊరు దూరం, రేపు వస్తా" అంటాడు. తీగ దూరం పొయ్యి మనిషి దూరం వచ్చింది.

ఎక్స్ఛేంజీ కొస: అది నా డెసిబెల్స్‌లో లేదు.

ఇద్దరూ దిగిరాలేదు. రాగి చేయగలిగినదాని కంటే ఎక్కువ ఎవరూ చేయలేరని ఆయన, చేయగలిగినది ఎంతో ముందే చెప్పకపోవడమే తప్పని ఈయన. ఈ వ్యాసకర్త మొగ్గు కాస్త రెండోవారి వైపే, బాడుగ సంగతిలో మాత్రం మొదటివారి వైపు. ఇంట్లో ఇంకా రాగితీగ బ్రాడ్‌బ్యాండ్ ఉన్న పాఠకులు ఇవాళే ఒకసారి మోడెం పేజీ తెరిచి లైన్ అటెన్యుయేషన్ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈసారి ఫిర్యాదు రాసేటప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనొద్దు. ఆ అంకె, మోడెం కుదిరిన స్పీడు, పొద్దున ఐదింటికీ రాత్రి ఎనిమిదింటికీ వచ్చిన స్పీడు, నాలుగూ రాసి తారీకు వేసి ఇవ్వండి.